దూరదర్శన్‌లో వచ్చే మంచి కార్యక్రమాలు తప్పిపోకుండా చూడటం ఎలా?

వచ్చే వారం దూరదర్శన్‌లో ఏ డాక్యుమెంటరీ, ఏ నాటకం, ఏ కచేరీ ఉన్నాయో ముందే తెలుసుకోవడం ఎలా అని అడిగారు. మాది కావలి. మా ఇంటి పద్ధతి చెబుతాను.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం చానళ్లు మారుస్తుంటే తోలుబొమ్మలాట మీద డాక్యుమెంటరీ కనబడింది. అప్పటికే చివరికొచ్చేసింది. మేకతోలును పలచగా గీకి, బొమ్మకు నగలున్న చోటల్లా సన్నని చిల్లులు పొడుస్తున్నారు. దీపానికి అడ్డంగా పట్టగానే ఆ చిల్లులన్నీ రవ్వల్లా మెరిశాయి. మా నాయనమ్మది ఉదయగిరి వైపు పల్లె. చిన్నప్పుడు తెల్లవార్లూ బొమ్మలాట చూసిన మనిషి. మంచం దిగి, గోడ పట్టుకుని టీవీ ముందుకు వచ్చి నిలబడింది. అంతలోనే పేర్లు పడ్డాయి. ‘అప్పుడే అయిపోయిందా?’ అంది. నాకు చాలా బాధ వేసింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున నాన్న, నేను కూర్చుంటాం. చానళ్లు సామాజిక మాధ్యమాల్లో పెట్టే ప్రకటనలు, సెట్‌టాప్ బాక్సులోని గైడు చూసి, పాత క్యాలెండర్ కాగితం వెనుక రోజు, వేళ రాసి టీవీ పక్కన అంటిస్తాం. గైడులో వారమంతా ఉండదు కాబట్టి బుధవారం మరోసారి చూడాలి. మూడు నాలుగుకు మించి రాయకండి, కూర్చోలేరు.

దూరదర్శన్ చానళ్లలో తెలుగుకు డీడీ సప్తగిరి, కళలకు 2002లో మొదలైన డీడీ భారతి చూడండి. భారతిలో మాటలు ఎక్కువగా హిందీలోనే ఉంటాయి. సంగీతానికీ నృత్యానికీ అది అడ్డు కాదు గానీ నాటకం దగ్గర నాయనమ్మకు నేను పక్కన కూర్చుని చెప్పాల్సి వస్తుంది. తెలుగులో ఇలాంటివి ఇంకా ఎన్నో రావాలి.

మా కేబుల్‌లో భారతి వచ్చేది కాదు. ఎన్నిసార్లు అడిగినా లాభం లేక డీడీ ఫ్రీ డిష్ పెట్టించాం. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు, నెలనెలా కట్టేదేమీ లేదు. అయితే మన నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం కదా, జోరు వాన పడితే బొమ్మ ఆగిపోతుంది. అలా తప్పినవాటిని దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్‌లోనూ, దూరదర్శన్ యూట్యూబ్ చానళ్లలోనూ వెతుకుతాను. అన్నీ దొరకవు.

ఆ బొమ్మలాట కూడా ఇంకా దొరకలేదు. ఆదివారం కాగితం అంటించగానే నాయనమ్మ ముందుగా అడిగేది దాని గురించే.