శాలువా బదులు ఏమివ్వాలి?

కళాకారులకు ఏదో ఒక సాయం చేయాలని ఉంది, ఎలాగో చెప్పమని అడిగిన ఉత్తరాల్లోంచి నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: గృహప్రవేశానికి శ్రీకాళహస్తి కలంకారీలో రామ పట్టాభిషేకం వేయించుకోవాలని ఒక కళాకారుణ్ని అడిగాం. రెండు నెలలు పడుతుంది, సగం డబ్బు ముందివ్వండి అన్నారు. అలాంటి బొమ్మే బజారులో చవగ్గా, అప్పటికప్పుడు దొరుకుతోంది. ఆయనకే ఇవ్వాలని మనసులో ఉంది గానీ, ఇంత ధర, ఇంత ఆలస్యం ఎందుకు? (ఒక గృహిణి, తిరుపతి)

సగం ముందే ఇచ్చేయండి. గుడ్డ, పాలు, కరక్కాయ, కట్టెలు అన్నీ ఆ డబ్బుతోనే రావాలి. దానికోసం ఆయన అప్పు చేస్తే వడ్డీ ఆయన కూలిలోంచే పోతుంది.

ఇక ఆలస్యం సంగతి. గాడా అనే ముతక నూలుగుడ్డను గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి ఎండేస్తారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. నీళ్ల పాలు వాడితే నల్లగీత అంచులు చెదిరి బూజు పట్టినట్టు కనిపిస్తాయి. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీసి, దానిమీద కసింతో గీత దిద్దుతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే కసిం తయారవుతుంది. కలమంటే వెదురుపుల్లే. మొనకు కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండను వేళ్లతో నొక్కేకొద్దీ రసం మొనకు దిగుతుంది. గీసిన క్షణంలో గీత వెలిసినట్టుంటుంది, కరక్కాయ వగరు తగిలి చూస్తుండగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి, ఆరాక పారే నీటిలో జాడించి, మంజిష్ఠ వేళ్ల రంగులో ఉడికిస్తారు. మళ్లీ పాలు, మళ్లీ ఎండ. పసుపు రంగుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. ఒక్కో రంగుకూ ఒక ఉతుకు, ఒక ఆరబెట్టడం తప్పదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనవైపు ముసురు, గుడ్డ ఆరదు. ఎండాకాలంలో ఎండకు కొదవలేదు గానీ స్వర్ణముఖిలో ఇసుకే ఉంటుంది. కాబట్టి రెండు నెలలనేది నిజాయితీగా చెప్పిన గడువే. ముహూర్తం కార్తీకంలో ఉంటే శ్రావణంలోనే పురమాయించండి.

డబ్బు కన్నా ఆయనకు ఎక్కువ మేలు చేసేది ఇంకోటుంది. బొగ్గు గీతల దశలోనే ఫోటో పంపమని అడిగి, ఆంజనేయుడు ఎటువైపు ఉండాలి, అంచు ఎంత వెడల్పు అన్నీ ఆరోజే తేల్చేయండి. బొగ్గు దులిపితే పోతుంది. కసిం పడ్డాక చెరపడానికి వీల్లేదు. అప్పుడు మనసు మార్చుకుంటే గుడ్డ మొత్తం దండగ, ఆ నష్టం సాధారణంగా గీసినవాడి నెత్తినే పడుతుంది.

బజారు బొమ్మ చాలామటుకు స్క్రీన్ ప్రింటు. అందులోని రెండు ఆకులను పోల్చి చూడండి, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. కలంతో గీసినదైతే గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. వెనకవైపూ నలుపు కనిపిస్తుంది. మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో వేసే కలంకారీ వేరే పద్ధతి, అదీ చేతిపనే. దాన్ని నకిలీ అనకండి. బొమ్మను ఎప్పుడైనా ఉతకాల్సి వస్తే విడిగా, కుంకుడు రసంతో, నీడలో ఆరబెట్టండి. నిమ్మకాయ, చింతపండు తగలనివ్వకండి, పులుపుకు ఆ నలుపు వెలిసిపోతుంది.

శ్రీకాళహస్తిలో ఈ పని దాదాపు ఆగిపోయే స్థితికి వస్తే 1950ల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం తెరిచారు, జొన్నలగడ్డ లక్ష్మయ్య కొత్తవాళ్లకు నేర్పారు. మీరు పురమాయించే బొమ్మ మీ కళాకారుడి దగ్గర నేర్చుకునే కుర్రాళ్లకూ పనే.

ప్రశ్న: మా ఊళ్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర ఈ ఏడు భారతం జరుపుతున్నాం. రాత్రిళ్లు నాటకం ఆడే మేళానికి ప్రతిసారీ శాలువాలు కప్పుతాం. ఈసారి కుర్రాళ్లం కమిటీలో ఉన్నాం, ఏదైనా పనికొచ్చేది చేద్దామని. (కమిటీ సభ్యుడు, పుంగనూరు దగ్గరి పల్లె)

శాలువా డబ్బుతో ముందు వేషాల గది చూడండి. చాలా ఊళ్లలో బడి వరండాలో ఒక మసక బల్బు కింద ముఖానికి రంగు వేసుకుంటారు. పెద్ద వేషానికి రెండు మూడు గంటలు పడుతుంది. తలుపున్న గది, నిలువెత్తు అద్దం ఒకటి, రెండు తెల్లని లైట్లు, కింద పట్టాలు, బకెట్లతో నీళ్లు పెట్టండి. తెల్లారాక రంగు తుడుచుకోవడానికి అరలీటరు కొబ్బరినూనె, పాత నూలుగుడ్డలు, వేన్నీళ్లు. ఆడవేషాలకు ఇప్పుడు ఆడవాళ్లే వస్తుంటే వాళ్లకు వేరే గది, దగ్గరలో మరుగుదొడ్డి ఉండాలి.

భోజనం సాయంత్రం ఆరులోపు పెట్టేయండి. కమిటీ పెద్దలు తిన్నాక తొమ్మిదింటికి పిలిస్తే లాభం లేదు. రంగు వేసుకుని, కిరీటం, భుజకీర్తులు బిగించుకున్నాక మెతుకు లోపలికి పోదు. నడిరేయి టీ, బన్ను మాత్రం మర్చిపోకండి. ముందు మద్దెల, హార్మోనియం వాళ్లకు, వాళ్లు రాత్రంతా లేవరు.

మైకులు వేదిక ముందు వేలాడేలా రెండు, హార్మోనియం దగ్గర ఒకటి చాలు. స్పీకర్లు వేదిక వైపు తిరిగి ఉంటే కూత పెడతాయి. మైకుల కన్నా ముందు, జనం వైపు తిప్పి పెట్టండి. ఇక చదివింపులు. పద్యం సగంలో ఆపి "ఫలానావారు నూటపదహార్లు" అని చదవడం చూస్తూనే ఉంటాం. దుర్యోధనుడు రొప్పుతూ నిలబడి ఉంటాడు, రాగం చెడుతుంది, మళ్లీ ఎత్తుకోవాలి. పేర్లన్నీ చీటీ మీద రాసుకుని, ఒక ఘట్టం అయిపోయాక ఒకేసారి చదవండి. ఇచ్చేవాళ్లు అలుగుతారని భయమైతే మొదటిరోజే మైకులో చెప్పేయండి.

అర్జున తపస్సు ఘట్టంలో వేషగాడు ఎక్కే మాను దగ్గర మొహమాటం వద్దు. పాత మాను మళ్లీ పాతొద్దు, లోపల పుచ్చు బయటికి కనిపించదు. మెట్ల చీలలన్నీ వడ్రంగి చేత ముందురోజే కొట్టి చూపించండి. కరెంటు తీగలకు దూరంగా పాతండి, ఎక్కేముందు చుట్టూ తాడు కట్టి జనాన్ని వెనక్కి ఉంచండి. అర్జున వేషగాడు పై నుంచి నిమ్మకాయలు, విభూతి వేసేటప్పుడే తోపులాట మొదలవుతుంది.

మేళంలో బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. 18 నుంచి 70 ఏళ్ల వారికి ఏడాదికి రూ.20, 15 మందికి రూ.300, రెండు శాలువాల ఖరీదు కూడా కాదు. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా రూ.2 లక్షలు. కాలు విరిగితే ఆస్పత్రి ఖర్చు మాత్రం ఇవ్వరు. దీని గడువు జూన్ 1 నుంచి మే 31 దాకా. మీ భారతం ఏప్రిల్‌లోనో మేలోనో మొదలై జూన్‌లోకి జరిగితే, మే చివర ఖాతాల్లో మళ్లీ రూ.20 ఉన్నాయో లేదో చూడమనండి. లేకపోతే బీమా ఆగిపోతుంది.

పారితోషికం చివరిరోజు దుర్యోధన వధ అయ్యాక, బండి ఎక్కేలోపు, లెక్క చెప్పి మేళం పెద్ద చేతిలో పెట్టండి. "వసూళ్లు వచ్చాక పంపిస్తాం" అనే మాట చాలా మేళాలు విన్నవే.

ప్రశ్న: మా పక్కింటాయన మాధవమాలలో చెక్క బొమ్మలు చెక్కుతాడు. చదువుకోలేదు. పీఎం విశ్వకర్మలో నమోదు చేయించాలంటే నేను ఏం చేయాలి? (డిగ్రీ విద్యార్థి, ఏర్పేడు)

ఆయనకు అర్హత ఉందో లేదో ముందు చూడండి. చేతివృత్తులవారి కోసం కేంద్రం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన ఈ పథకంలో 18 వృత్తులే ఉన్నాయి. వడ్రంగం, శిల్పం, కుమ్మరం, బొమ్మల తయారీ ఉన్నాయి, కలంకారీ లేదు. ఇంట్లో భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు. ప్రభుత్వోద్యోగి ఉన్న కుటుంబానికి రాదు. అయిదేళ్లలోపు తీసుకున్న ముద్రా రుణం తీర్చకుండా ఉన్నా రాదు.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్‌కు కలిపిన ఫోను పట్టుకుని కామన్ సర్వీస్ సెంటర్‌కు ఆయనతో కలిసి వెళ్లండి. నమోదుకు రుసుము లేదు. పని ఆగేది ఎక్కువగా వేలిముద్ర దగ్గరే. ఏళ్ల తరబడి ఉలి పట్టిన వేళ్లకు రేఖలు అరిగిపోయి ఉంటాయి. కాబట్టి ముందే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ కొత్తగా ఇప్పించండి. తర్వాత పంచాయతీ, జిల్లా కమిటీ, ఆపైన స్క్రీనింగ్ కమిటీ పరిశీలిస్తాయి. పంచాయతీ దగ్గర ఆగిందేమో అడుగుతూ ఉండండి. అంగీకరించాక 5 నుంచి 7 రోజుల శిక్షణ, రోజుకు రూ.500 భత్యం, పనిముట్లకు రూ.15,000 ఈ-వోచర్. రుణం మొదట రూ.లక్ష, అది సవ్యంగా తీరిస్తే రూ.2 లక్షలు, వడ్డీ 5 శాతం. రుణం తీసుకోవాలని బలవంతమేమీ లేదు. వోచర్ సందేశం ఫోనులో ఇంగ్లీషులో వస్తే ఆయన చెరిపేయవచ్చు, చదివి చెప్పే బాధ్యత మీదే. ఎర్రచందనం చెక్కుతుంటే, సక్రమంగా కొన్నదేనని చూపడానికి కొయ్య కొన్న రశీదులన్నీ ఒక సంచిలో భద్రంగా పెట్టించండి.

ప్రశ్న: పన్నెండేళ్ల మేనకోడలు బొమ్మలు బాగా వేస్తుంది. పుట్టినరోజుకు 48 రంగుల పెట్టె కొనమంటారా? (మేనమామ, చిత్తూరు)

వద్దు. 12 ట్యూబుల వాటర్ కలర్, 4, 8 నంబర్ల గుండ్రటి బ్రష్షులు రెండు, మిగిలిన డబ్బంతా కాగితం మీద పెట్టండి. మామూలు డ్రాయింగు పుస్తకం కాగితం తడికి ముడతలు పడి రంగు గుంతల్లో నిలుస్తుంది, పిల్లలు తమకే చేతకాలేదనుకుంటారు. 300 జీఎస్ఎం మందపాటి కాగితాలు పది కొని నాలుగేసి ముక్కలు చేస్తే 40 బొమ్మలు. వీలైతే ఓ ఆదివారం చంద్రగిరి కోటకు తీసుకెళ్లండి. రాజమహల్ మ్యూజియంలో రాతి, కంచు విగ్రహాలున్నాయి. బయట చెట్టు నీడలో గంటసేపు కోటను గీసుకోనివ్వండి, మీరు మాత్రం పక్కన కూర్చుని "ఇంకా కాలేదా?" అనకండి.