చీటీ పాడకండి, సబ్బుల పద్దు చూడండి

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ప్రైవేటు ఉద్యోగం, జీతం 32 వేలు. మా ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది. బాబుకు పదేళ్లు, ఆటిజం. ఏడాదిగా అన్నానికి ముందు పదిహేనుసార్లు చేతులు కడుగుతున్నాడు, ఆపితే ఏడుపు. గడప దగ్గర చెప్పులన్నీ వరసగా పేరుస్తాడు. ఒక సెంటర్‌వాళ్లు ఆరు నెలల థెరపీ ప్యాకేజీ 72 వేలు ముందే కట్టమంటున్నారు. లక్ష రూపాయల చీటీ పాడేయమంటారా? ఇప్పుడు పాడితే 24 వేలు పోతుంది. విడిగా అయితే సిట్టింగుకు 900 అంటున్నారు. 80డీడీ కింద పన్ను మినహాయింపు వస్తుందా? నెల ఖర్చుల చిట్టా జతచేశాను.

జవాబు: వద్దండీ. ఇప్పుడు పాడితే 24 వేలు పోతుందని మీరే రాశారు. చేతికొచ్చే 76 వేలల్లో 72 వేలు ఒకేచోట కట్టేస్తే, బాబుకు అక్కడ పొసగకపోయినా మీరు కదల్లేరు.

మీ ఖర్చుల చిట్టాలో నా కన్ను ఒక పద్దు దగ్గరే ఆగింది: సబ్బులు, హ్యాండ్‌వాష్ 900. కరెంటు బిల్లును మించిపోయింది! చెప్పులు పేర్చడం వేరు. ఆటిజం పిల్లల్లో అది మామూలే, వాడికి హాయిగా ఉంటే దాని మీద రూపాయి పెట్టక్కర్లేదు. చేతులు కడగడం మాత్రం భయంతో జరుగుతున్నట్టుంది, ఓసీడీ (వదలని భయం, దాన్ని తగ్గించుకోవడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం) కావచ్చు. అది తేల్చాల్సింది సైకియాట్రిస్టు, నేను కాదు. ముందు రుయా ఆస్పత్రి ఓపీలో చూపించండి. ఇంకో డాక్టరు మాట కావాలంటే బెంగళూరులో నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆస్పత్రి ఉంది.

ఓసీడీయే అయితే సీబీటీ అనే థెరపీ చేస్తారు. పదిహేనుసార్లు కడిగేవాణ్ణి పన్నెండుకు, తర్వాత తొమ్మిదికి తెస్తూ, ఆ టెన్షన్ తనంతట తాను దిగేదాకా ఓపిక పట్టడం నేర్పుతారు. ఆటిజం పిల్లలకైతే బొమ్మలు, పట్టికలు వాడతారు. సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 20 సిట్టింగులు. మీకు చెప్పిన 900 రేటుకే ఇరవైకి 18 వేలు, అంటే నెలకు 3,600. అమ్మ కూడా కూర్చోవాలి, ఇంట్లో కొనసాగించాల్సింది ఆవిడే. ఆ పూట కుట్టుపని ఆగుతుంది కనుక నెలకు ఇంకో వెయ్యి వేసుకోండి. చిట్టాలో ఉన్న మీ 3 వేల సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే పొదుపు) ఐదు నెలలు ఆపితే, మిగతా 1,600 బయటి టిఫిన్ల పద్దులోంచి వస్తుంది.

80డీడీ మినహాయింపు అడిగారు. మీ జీతానికి అసలు పన్నే పడదు, దాన్ని వదిలేయండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్‌వారి నిరామయ ఆరోగ్య బీమా మాత్రం వదలొద్దు. ఆటిజం ఉన్నవాళ్లకు లక్ష రూపాయల కవరేజీ, థెరపీ ఖర్చుకూ పరిమితి మేరకు వర్తిస్తుంది. వైకల్య ధ్రువపత్రం కావాలి, దానికోసం చేసే సదరం వైద్య పరీక్షకు స్లాట్ ఇప్పుడే బుక్ చేయండి. ముందు మనం కట్టి, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. అందుకే ప్రతి సిట్టింగుకూ బిల్లు తీసుకోండి, తెల్లకాగితం మీద రాసిచ్చే రశీదు చెల్లకపోవచ్చు.