హైదరాబాద్‌లో అల్యూమినియం స్మెల్టర్ (అల్యూమినియం లోహాన్ని తీసే కర్మాగారం) ఎందుకు లేదు? ఉంటే మనకేం ఒరుగుతుంది?

ఒక్క ముక్కలో చెప్పాలంటే కరెంటు. కిలో అల్యూమినియం తీయడానికి దాదాపు 14 యూనిట్లు కావాలి. మా ఇంట్లో నెలకు 210 యూనిట్లు కాలుతుంది. దాంతో వచ్చేది 15 కిలోలు, అంటే బేగంబజార్‌లో కాటా మీద పెట్టే నాలుగు పెద్ద గుండిగలు!

స్మెల్టర్‌లో అల్యూమినాను (బాక్సైట్ ఖనిజం నుంచి తీసే తెల్లటి పొడి) సుమారు 950 డిగ్రీల వేడిలో కరిగిన క్రయోలైట్ అనే లవణంలో కలిపి, కరెంటు పంపి లోహాన్ని విడదీస్తారు. సరఫరా కొన్ని గంటలు ఆగితే చాలు, తొట్లలో ఉన్నదంతా గడ్డకడుతుంది. అందుకే ఒడిశాలోని అంగుల్‌లో ప్రభుత్వ రంగ అల్యూమినియం కంపెనీ నాల్కో బొగ్గుకు దగ్గరగా 1200 మెగావాట్ల సొంత విద్యుత్ కేంద్రం పెట్టుకుంది. అల్యూమినా ఆ రాష్ట్రంలోనే ఉన్న దామన్‌జోడి నుంచి వస్తుంది, ఎగుమతి సరుకు మన విశాఖ రేవు నుంచి కూడా పోతుంది.

ఇక లాభం సంగతి. పెట్టుబడితో పోలిస్తే స్మెల్టర్ లోపల ఉద్యోగాలు తక్కువే. అసలు బతుకుతెరువు చుట్టూ పుడుతుంది: లారీలు, రైల్వే, మరమ్మతు షాపులు, వైర్లు, రేకులు చేసే యూనిట్లు. బూడిద, ఫ్లోరైడ్ పొగల బెడద కూడా ఆ ఊళ్లదే.

లోహంతో వస్తువులు చేసే ఆ పని మనకు స్మెల్టర్ లేకుండానే ఉంది. కిటికీ ఫ్రేములు కోసే షాపు లేని బస్తీ ఏది? నన్నడిగితే హైదరాబాద్‌కు నప్పేది పాత సామాను కరిగించడమే. దానికి కొత్త లోహానికయ్యే కరెంటులో 5 శాతం చాలు.