కోపం దేశం మీద, సరుకు మన కొట్లో

ప్రశ్న: నరసన్నపేటలో చిన్న సెల్ షాపు నడుపుతున్నానండి. 2020లో గల్వాన్ గొడవప్పుడు మా ఊరి కుర్రాళ్లు వచ్చి చైనా ఫోన్లు అమ్మొద్దన్నారు, నాకూ బాధనిపించి బోర్డులు తీసేశాను. ఇప్పుడు అదే కుర్రాళ్లు అవే ఫోన్లు అడుగుతున్నారు. 2025లో పాకిస్తాన్‌కి మద్దతిచ్చిందని టర్కీ యాపిల్ వద్దన్నారు. అసలు జనం కోపం వల్ల ఏ దేశం వ్యాపారమైనా నిజంగా తగ్గిందా, ఏటి?

జవాబు: తగ్గిందండి, కాకపోతే అన్ని సరుకుల్లో తగ్గదు, తగ్గినా ఎక్కువ కాలం ఉండదు. 2012లో చైనా, జపాన్ రెండూ మావంటే మావనే సెంకాకు దీవుల గొడవలో చైనా జనం రోడ్డెక్కి జపాన్ కార్లు పగలగొట్టారు, ఆ సెప్టెంబర్‌లో అక్కడ టయోటా అమ్మకాలు ముందేడాదితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయాయి. 2019లో దక్షిణ కొరియా వాళ్లు జపాన్ బీరు మానేస్తే అక్టోబర్‌కల్లా ఆ ఎగుమతి దాదాపు సున్నాకొచ్చింది. కారు మీదా బీరు సీసా మీదా దేశం ఏదో కనిపిస్తుంది, దానికి బదులు ఇంకోటి పక్కనే దొరుకుతుంది. టర్కీ యాపిల్ కూడా అంతే, అది లేకపోతే హిమాచల్‌ది ఉంది, కశ్మీర్‌ది ఉంది, కొనేవాడికి పెద్ద నష్టమేం లేదు.

చైనా సంగతి వేరు. గల్వాన్‌లో మన సైనికులు 20 మంది పోయారు, సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు అందులో ఉన్నారు, మన తెలుగు ఇళ్లల్లో ఆ రోజు ఎంత ఏడ్చామో మీకు తెలుసు. ఆ కోపం నిజమైనది, దాన్ని ఎవరూ తక్కువ చెయ్యకూడదు. ప్రభుత్వం కూడా 59 యాప్‌లు బ్యాన్ చేసింది. అయినా 2021లో రెండు దేశాల మధ్య వ్యాపారం 12,500 కోట్ల డాలర్లు దాటిపోయింది, అప్పటికి అదే రికార్డు, 2024-25కి వచ్చేసరికి మనం వాళ్లకి అమ్మేదానికన్నా వాళ్ల దగ్గర కొనేది సుమారు 9,900 కోట్ల డాలర్లు ఎక్కువ.

ఎందుకంటారా, మన జిల్లాలోనే పైడిభీమవరం ఉంది కదా, మందుల కంపెనీలు. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ తయారవ్వాలంటే పారా అమైనో ఫినాల్ అనే ముడిసరుకు కావాలి, మన దేశానికి అది ఎక్కువగా చైనా నుంచే వస్తూ వచ్చింది. ఒకసారి మాత్రల స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, తయారుచేసిన కంపెనీ అడ్రసు అన్నీ ఉంటాయి, ముడిసరుకు ఎక్కడిదో మాత్రం ఉండదు. మెడికల్ షాపులో నిలబడి మీరు చైనా వద్దనుకున్నా ఏం వద్దంటారు? దాన్ని కొనేది కంపెనీలో పర్చేజ్ వాళ్లు, వాళ్లు చూసేది రేటూ, క్వాలిటీ, టైముకి వస్తుందా లేదా. జనం కోపం ఆ టేబుల్ దాకా వెళ్లదు.

అలాగని దేశం మీద అభిప్రాయానికి అసలు విలువే లేదనుకోకండి. ఫలానా దేశం ప్రపంచానికి మంచి చేస్తోందా చెడు చేస్తోందా అని బీబీసీ వరల్డ్ సర్వీస్ చాలా దేశాల్లో జనాన్ని అడిగి సర్వేలు చేసేది, ఆండ్రూ రోజ్ అనే ఎకనామిస్ట్ ఆ లెక్కల్ని ఎగుమతులతో కలిపి చూశాడు. మంచి అభిప్రాయం ఒక శాతం పెరిగితే ఎగుమతులు 0.8 శాతం దాకా పెరుగుతున్నాయని తేలింది. దూరం, భాష లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా. చిన్న అంకెలా ఉంటుంది గానీ దేశం మొత్తం ఎగుమతుల మీద అది చాలా డబ్బు. అంటే ఒక్క వారం ఊగిపోయే కోపం కన్నా ఏళ్ల తరబడి మెల్లగా ఏర్పడే నమ్మకమే వ్యాపారాన్ని ఎక్కువ కదుపుతుందని నా అభిప్రాయం.

ఇంకోటి, కోపం ఒక్కటే చాలదు, వద్దన్నదాని బదులు వాడుకోడానికి ఇంకో సరుకు ఉండాలి. 1905లో బెంగాల్ విభజనప్పుడు విదేశీ బట్ట తగలబెట్టారు సరే, దాని స్థానంలో కట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, మన పొందూరు ఖద్దరుకి అంత పేరు రావడంలో ఆ స్వదేశీ పట్టుదలకి పెద్ద భాగం ఉంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేసి, చేత్తో సన్నగా నూలు తీసేవాళ్లు ఉన్నారు కాబట్టే విదేశీ బట్ట వద్దన్న మాట నిలబడింది. ఇప్పుడు మందుల్లోనూ అదే జరగాలి. కరోనాతో భయపడి 2020లో కేంద్రం బల్క్ డ్రగ్స్‌కి, అంటే మందుల ముడిసరుకుకి, ప్రోత్సాహకాలు పెట్టింది, 2024లో కాకినాడ దగ్గర యాంటీబయాటిక్స్‌కి ముడిసరుకైన పెన్సిలిన్ జి ప్లాంటు మొదలైంది. నాలుగేళ్లు పట్టింది చూడండి.

మీ షాపులో బోర్డులు తియ్యక్కర్లేదు. ఫోన్ ఎక్కడ తయారైందో బాక్సు మీద ఉంటుంది, అడిగినవాళ్లకి చూపించండి, కొనాలో వద్దో వాళ్లే చూసుకుంటారు.

ప్రశ్న: మాది పూసపాటిరేగ వైపు, రొయ్యల చెరువులున్నాయి. 2025లో అమెరికా టారిఫ్ అనగానే రేటు పడిపోయింది. అమెరికా జనానికి మనమంటే అంత కోపమా?

జవాబు: జనానికి కాదమ్మా. అది వాళ్ల ప్రభుత్వం నిర్ణయం. ఆగస్టు 7 నుంచి 25 శాతం వేశారు, రష్యా ఆయిల్ కొంటున్నామని 27 నుంచి ఇంకో 25 కలిపి 50 చేశారు, మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ డ్యూటీ, ప్రభుత్వ సబ్సిడీ ఉందని వేసే కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ అంతకుముందే ఉన్నాయి, అవి దీనికి అదనం. అదే టైములో ఈక్వెడార్‌కి 15 శాతమే. మన వనామి రొయ్యకి పెద్ద మార్కెట్ అమెరికానే కాబట్టి దెబ్బ నేరుగా చెరువు గట్టు దాకా వచ్చేసింది. అక్కడ సూపర్ మార్కెట్లో రొయ్యల ప్యాకెట్ మీద ఏ దేశానిదో రాయాలని చట్టం ఉంది, హోటళ్లకి మాత్రం చాలా రాష్ట్రాల్లో ఆ రూల్ లేదు, ప్లేట్లో రొయ్య ఇండియాదో ఈక్వెడార్‌దో తినేవాడికి తెలీదు. అందుకని ఎవరో మనల్ని అసహ్యించుకుంటున్నారని మనసు కష్టపెట్టుకోకండి. యాంటీబయాటిక్ అవశేషాలు దొరికి కంటైనర్ వెనక్కొచ్చిందంటే మాత్రం ఆ చెడ్డపేరు టారిఫ్ కన్నా ఎక్కువ కాలం ఉంటుంది, ఆ విషయంలో చాలా గట్టిగా ఉండండి.

ప్రశ్న: పలాస జీడిపప్పు అని అమ్మేదాంట్లో ఆఫ్రికా గింజ కూడా కలుస్తోంది కదండీ, జనానికి తెలిస్తే కొనడం మానేస్తారా? ఏటంటారు?

జవాబు: మానరు. గింజ ఎక్కడిదైనా ఉడకబెట్టి, పెంకు కొట్టి, పొట్టు తీసి, గ్రేడు చేసేది పలాస చేతులే, పెంకు జిడ్డుకి ఆ ఆడవాళ్ల వేళ్లు ఎలా కాలిపోతాయో చూసినవాళ్లకి ఆ పేరు ఎవరి కష్టమో తెలుస్తుంది. నా భయమల్లా ఆ గింజ రాకుండా పోతుందేమోనని. ప్రపంచంలో ఎక్కువ పచ్చి జీడిగింజ పండించే ఐవరీ కోస్ట్ దాన్ని తమ దేశంలోనే పప్పు చేయించాలని కొన్నేళ్లుగా గట్టిగా ప్రయత్నిస్తోంది. అందుకే మన గింజ మనకుండాలి, 2018 తిత్లీ తుపానుకి ఉద్దానంలో పోయిన జీడితోటల్లో ఇంకా మళ్లీ వెయ్యనివి ఉంటే ముందు వాటి సంగతి చూడాలి.