పిల్లల స్టెరాయిడ్ సిరప్: ఎన్ని ఎంఎల్ కాదు, ఎన్ని ఎంజీ అని అడగండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు పిల్లలకి నోటి ద్వారా ఇచ్చే స్టెరాయిడ్ డోసు గురించే ఉన్నాయి, అందుకని మిగతావి వచ్చే సంచికకి ఉంచి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి నాలుగేళ్లు, బరువు 15 కేజీలు. జలుబు చేసిందంటే చాలు పిల్లికూతలు, ఆయాసం వచ్చేస్తాయి. పోయినసారి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సిరప్ రోజుకి 15 ఎంఎల్ చొప్పున ఐదు రోజులు రాశారు, బాగానే తగ్గింది. ఇప్పుడు మళ్లీ వస్తే వేరే డాక్టర్ గారు అదే ప్రెడ్నిసొలోన్ రోజుకి 5 ఎంఎల్ మాత్రమే రాశారు. ఇంత తక్కువైతే పనిచేస్తుందా? పాత లెక్క ప్రకారం 15 ఎంఎల్ పట్టించేయమంటారా?

జవాబు: వద్దమ్మా, అస్సలు పట్టించొద్దు. పాత సీసా గానీ అట్టపెట్టె గానీ ఇంకా ఉంటే కొత్తదాని పక్కన పెట్టి లేబుల్ మీద చిన్న అక్షరాలు చదవండి. ప్రెడ్నిసొలోన్ సిరప్ ఒకే గాఢతలో రాదు, ఒకదాంట్లో ప్రతి 5 ఎంఎల్‌కి 5 ఎంజీ మందు ఉంటే ఇంకోదాంట్లో అదే 5 ఎంఎల్‌కి 15 ఎంజీ ఉంటుంది, అంటే మూడు రెట్లు. మీ విషయంలో జరిగింది ఇదే అనుకుంటున్నాను. అప్పుడు 15 ఎంఎల్‌లో వెళ్లింది 15 ఎంజీ, ఇప్పుడు 5 ఎంఎల్‌లో వెళ్లేదీ 15 ఎంజీనే, సిరప్ తగ్గింది గానీ మందు తగ్గలేదు. ఒకవేళ లేబుల్ మీద ఇలా లేకపోతే మాత్రం మొదటి డోసు పట్టించకముందే రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి, మొహమాటపడకండి.

ఆయాసం ఎక్కువైనప్పుడు పిల్లలకి ప్రెడ్నిసొలోన్ కేజీకి 1 నుంచి 2 ఎంజీ లెక్కన రోజుకి ఇస్తారు, మామూలుగా 3 నుంచి 5 రోజులు. దానికి మళ్లీ పైన ఒక హద్దు ఉంటుంది, రెండేళ్ల లోపు పిల్లలకి రోజుకి 20 ఎంజీ, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి 30, ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లకి 40. మీ బాబుకి 15 ఎంజీ అంటే కేజీకి 1 ఎంజీ, సరిగ్గా సరిపోయింది. అదే కొత్త సీసాలోంచి 15 ఎంఎల్ పోస్తే 45 ఎంజీ అవుతుంది, కేజీకి 3 ఎంజీ, వాడి వయసుకున్న హద్దు కూడా దాటిపోతుంది. తల్లిదండ్రులు గుర్తుపెట్టుకునేది ఎప్పుడూ ఎంఎల్‌నే, మాకు ఫోన్ చేసినా "పోయినసారి 15 పోశామండీ" అంటారు తప్ప ఎన్ని ఎంజీ అన్నది చెప్పరు, తప్పులు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

అందుకని చీటీ మీద మూడూ రాయించుకోండి: ఆ రోజు తూచిన బరువు, ఎన్ని ఎంజీ, ఈ సీసాలోంచి ఎన్ని ఎంఎల్. మందుల షాపులో వేరే కంపెనీది ఇస్తే అక్కడే నిలబడి గాఢత సరిచూసుకోండి. వంటింటి చెంచాతో కొలవొద్దు, ఒక్కో చెంచా ఒక్కో సైజులో ఉంటుంది, సూది లేని ఓరల్ సిరంజితో లాగి బుగ్గ పక్కనుంచి మెల్లగా పోయండి. పొద్దున పూట ఏదైనా తిన్నాక ఇస్తే కడుపులో మంట ఉండదు, రాత్రి నిద్రా చెడదు. ఆ నాలుగైదు రోజులూ ఆకలి ఎక్కువవడం, చిరాకు పడటం మామూలే, కోర్సు అయ్యాక పోతాయి. ఇంత చిన్న కోర్సుని మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిన పని కూడా లేదు, చివరి డోసు ఇచ్చి ఆపేయొచ్చు.

ఇంకొక మాట. జలుబుతో వచ్చే ప్రతి పిల్లికూతకీ స్టెరాయిడ్ సిరప్ అక్కర్లేదు, చాలాసార్లు ఇన్‌హేలర్‌తోనే సర్దుకుంటుంది. మిగిలిన సిరప్ దాచుకుని మళ్లీ దగ్గు వస్తే మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. ఏడాదిలో ఇలాంటి కోర్సులు ఎన్ని పడ్డాయో ఒక కాగితం మీద రాసి ఉంచండి, రెండుమూడు దాటుతున్నాయంటే రోజూ వాడే నివారణ ఇన్‌హేలర్ గురించి డాక్టర్‌తో కూర్చుని మాట్లాడాల్సిందే.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు, 52 కేజీలు, కొంచెం లావు. ఆస్తమా ఎక్కువైతే రోజుకి 40 ఎంజీ ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు. కేజీకి 2 లెక్కన 104 రావాలి కదండీ, తక్కువ ఇచ్చారా?

జవాబు: తక్కువేం కాదండీ. నేను పైన చెప్పిన హద్దు ఇలాంటి పిల్లల కోసమే. 40 దాటిస్తే ఆయాసం అంతకంటే త్వరగా తగ్గదు, సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం పెరుగుతాయి. పెద్దవాళ్లకి కూడా ఆస్తమాలో ఇచ్చేది రోజుకి 40, 50 ఎంజీనే.

ప్రశ్న: మా పాపకి ఐదేళ్లు. ఒళ్లంతా వాచి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. బరువుతో పాటు ఎత్తు కూడా కొలిచి 44 ఎంజీ డోసు వచ్చిందన్నారు. కేజీకి 2 చొప్పున మేం లెక్కేస్తే 36 వచ్చింది. ఎత్తు ఎందుకు? ఇప్పుడు వాపు పూర్తిగా తగ్గింది, మొహం మాత్రం గుండ్రంగా అయిపోయింది, చూస్తుంటే బాధేస్తోంది, మందు ఆపేయొచ్చా?

జవాబు: ఆపొద్దమ్మా, ముందు ఆ మాట గట్టిగా చెబుతున్నాను. ఇక లెక్క సంగతి. ఈ జబ్బులో చాలామంది డాక్టర్లు శరీర ఉపరితలాన్ని, అంటే ఒంటి పైభాగం మొత్తం వైశాల్యాన్ని, బట్టి డోసు కడతారు, చదరపు మీటరుకి రోజుకి 60 ఎంజీ, ఎంత వచ్చినా 60 దాటకుండా. మీ లెక్కని బట్టి పాప 18 కేజీలు, ఎత్తు 108 సెంటీమీటర్ల దగ్గర ఉందనుకుందాం. ఎత్తుని బరువుతో గుణించి 3600తో భాగించి వర్గమూలం తీస్తే సుమారు 0.73 చదరపు మీటర్లు వస్తుంది, దాన్ని 60తో గుణిస్తే 44. చిన్న పిల్లల్లో బరువుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ, కాబట్టి కేజీ లెక్క కాస్త తక్కువ చూపిస్తుంది. పైగా వాపు ఉన్నప్పుడు తూచిన బరువులో నీరు కూడా కలిసి ఉంటుంది, అందుకని వాపు రాకముందు బరువు ఎంతో తెలిస్తే అదే చెప్పాలి.

ఈ మొదటి డోసు 4 నుంచి 6 వారాలు రోజూ ఇస్తారు, తర్వాత చదరపు మీటరుకి 40 చొప్పున రోజు విడిచి రోజు ఇంకో 4 నుంచి 6 వారాలు. వాపు పోయిందని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టడం ఒక్కటే కాదు ప్రమాదం. వారాల తరబడి బయటనుంచి స్టెరాయిడ్ వెళ్తుంటే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే ఒంటి సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించేస్తాయి, ఒక్కసారిగా ఆపితే అవి వెంటనే అందుకోలేవు, నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం దాకా పోవచ్చు. జ్వరం వచ్చినా, ఆపరేషన్ ఏదైనా అవసరమైనా "మా పాప స్టెరాయిడ్ మీద ఉంది" అని ముందే చెప్పండి. ఈ డోసు మీద ఉన్నంతకాలం, ఆపాక కూడా కనీసం నాలుగు వారాలు, ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి) వేయరు. పక్కన ఎవరికైనా చికెన్‌పాక్స్ వస్తే పాపకి వచ్చేదాకా ఆగకుండా అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. మొహం గుండ్రంగా అవడం మందు వల్లే, డోసు తగ్గేకొద్దీ కొన్ని నెలల్లో మామూలైపోతుంది, పాప ముందు మాత్రం దాని గురించి మాట్లాడకండి తల్లీ.

ప్రశ్న: పది కేజీల మా చిన్నదానికి కుక్క మొరిగినట్టు దగ్గు వస్తే క్రూప్ అని చెప్పి 6 ఎంజీ డెక్సామెథాసోన్ ఒక్కసారి తాగించి ఇంటికి పంపేశారు. ఇంట్లో అన్నయ్యది ప్రెడ్నిసొలోన్ ఉంది, అది మూడు రోజులు పట్టించనా?

జవాబు: అక్కర్లేదు. డెక్సామెథాసోన్ కూడా స్టెరాయిడే, అది 0.75 ఎంజీ అంటే ప్రెడ్నిసొలోన్ 5 ఎంజీతో సమానం. ఈ లెక్కన పాపకి పడిన 6 ఎంజీ దాదాపు 40 ఎంజీ ప్రెడ్నిసొలోన్ అంత బలమైనది, పైగా దాని పని ఒకటిన్నర రోజు పైనే ఉంటుంది. క్రూప్‌కి కేజీకి 0.15 నుంచి 0.6 ఎంజీ దాకా ఒక్క డోసు చాలు. ఒక స్టెరాయిడ్ ఎంజీ లెక్క ఇంకోదానికి పనికిరాదు, అన్నయ్య సీసా చెల్లెలికి అసలు పనికిరాదు. పాప ఊరికే ఉన్నప్పుడు కూడా ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు శబ్దం వస్తున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, చొంగ కారుస్తూ మింగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఇంక ఇంట్లో ఉండొద్దు, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లిపోండి.

ప్రశ్న: చేదుకి మావాడు సిరప్ కక్కేస్తున్నాడు. మళ్లీ ఇవ్వాలా?

జవాబు: తాగిన అరగంటలోపే మొత్తం కక్కేస్తే సాధారణంగా అదే డోసు ఒకసారి మళ్లీ ఇస్తారు, అయినా డాక్టర్‌కి ఫోన్ చేసి ఇవ్వడం మంచిది. గంట దాటాక అయితే ఇవ్వొద్దు. కొంచెం ఉమ్మాడు, ఎంత పోయిందో తెలీదు అన్నప్పుడు అంచనాతో పోయకండి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు డోసులు కలిపి ఇవ్వొద్దు. ప్రతిసారీ కక్కుతుంటే మాత్రం గాఢత ఎక్కువున్న సిరప్‌కో నీళ్లలో కరిగే మాత్రకో మార్చమని అడగండి, తక్కువ ఎంఎల్‌లో పని అయిపోతుంది, మార్చిన రోజు మాత్రం కొత్త ఎంఎల్ ఎంతో మళ్లీ చీటీ మీద రాయించుకోండి.