# ని పౌండ్ అని ఎందుకంటారు?

అమెరికావాళ్లు # ని పౌండ్ అని, మనం @ ని అట్ ది రేట్ అని ఎందుకంటామనేగా మీ ప్రశ్న. మొదటిది నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్నా.

బెంగళూరులో కొత్త ఉద్యోగం, మారతహళ్లి దగ్గర ఆఫీసు, రాత్రి తొమ్మిదిన్నరకి క్లయింట్ కాల్. పిన్ కొట్టి పౌండ్ నొక్కమంది రికార్డు గొంతు. నేను డెస్క్ ఫోన్ మీద బ్రిటన్ డబ్బు గుర్తు £ కోసం వెతుకుతున్నా, అంకెలున్నాయి, స్టార్ ఉంది, హ్యాష్ ఉంది, అది మాత్రం లేదు. ఆ గొంతు మూడుసార్లు చెప్పి లైన్ కట్ చేసింది. పక్క సీటు అనంతపురం అన్న తొంగిచూసి "హ్యాష్ నొక్కరా సామీ" అన్నాడు. ఆదిలోనే హంసపాదు!

తర్వాత చదివితే తెలిసింది, నేను మరీ పిచ్చిగా ఏమీ వెతకలేదని. రోమన్ల తూకం పేరు లిబ్రా పోండో, పౌండ్ అనే మాట ఆ పోండో నుంచే. దాన్ని పొట్టిగా ఎల్, బీ అని రాసి, ఇది కుదించిన మాట అని తెలిసేలా పైన అడ్డగీత గీసేవారు. గబగబా రాసేవాళ్ల చేతిలో అది అరిగి అరిగి # అయింది. £ కూడా ఆ లిబ్రాలోని ఎల్‌కి అడ్డగీత పెట్టిందే. రెండూ ఒక తల్లి పిల్లలే.

@ అయితే దుకాణాల లెక్కల్లోది. పాత బిల్లుల్లో "పెన్నులు 12 @ 5" అని ఉంటే ఒక్కోటి ఐదు రూపాయల చొప్పున అని, అంటే అచ్చంగా మన 'చొప్పున'. 1971లో అమెరికన్ ప్రోగ్రామర్ రే టామ్లిన్‌సన్ మనుషుల పేర్లలో రాని గుర్తు కావాలని దీన్ని ఈమెయిల్‌కి తీసుకున్నాడు. అక్కడ రేటూ లేదు, బేరమూ లేదు, అయినా మన నోట్లో 'అట్ ది రేట్' అనే ఉండిపోయింది. ఇటలీవాళ్లు దీన్ని నత్త అంటారు, చూడ్డానికి అదే నయం.

& లాటిన్‌లో 'మరియు' అనే 'ఎత్' (et) రెండక్షరాలూ కలిసిపోయినది, అంతే.

నాకు ఇష్టమైనది ^. ఇంగ్లీషులో క్యారెట్, లాటిన్‌లో 'లోపించింది' అని అర్థం. రాస్తూ మాట వదిలేస్తే అక్కడ ఈ గుర్తు పెట్టి పైన రాస్తారు. మనవాళ్లు అందుకు పెట్టే గుర్తే హంసపాదు, పైన నేను వాడిన సామెత అక్కడిదే, మొదట్లోనే మాట తప్పిపోవడం. మొన్న కొత్తగా చేరిన అమ్మాయికి ఫోన్‌లో పాస్‌వర్డ్ చెప్తూ క్యారెట్ అన్నాను, "కూరగాయా అన్నా?" అంది. హంసపాదు అంటే అసలు పలకలేదు. చివరికి "ఆరంకె మీద టోపీ ఉంటుంది చూడమ్మా" అంటే కొట్టింది.