క్యారవాన్ రబ్బరు పైకప్పు నుంచి తెల్ల పొడి రాలుతోంది, ఎలా కడగాలి?

తిరుపతి ఎండలో ఏళ్లుగా నిలిపిన బండి కదా, కప్పు మీద చేయి పెడితే సుద్దపొడి అంటుతోందన్నారు. అదంతా మురికి కాదు. ఎండకు ఈపీడీఎం అనే ఈ సింథటిక్ రబ్బరు పైపొర కొద్దికొద్దిగా అలా పొడి అవుతుంది. వయసైన కప్పుకు మామూలే, టెన్షన్ వద్దు.

పొద్దున్నే, కప్పు కాలకముందే మొదలుపెట్టండి. గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం బకెట్ నీళ్లలో కలిపి, మెత్తటి బ్రష్‌తో కాస్త కాస్త భాగం రుద్ది, సబ్బు ఆరకముందే కడిగేయండి. పక్కగోడలు ముందే తడపండి, లేదంటే తెల్ల చారలు పడతాయి. కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ మాత్రం వద్దే వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. తడి కప్పు మీద కాలు జారుతుంది, జాగ్రత్త.

ఆరాక కప్పు మీది గాలి వెంట్ల చుట్టూ సీలెంట్ (నీళ్లు దిగకుండా అతికే పూత) పగిలిందేమో చూడండి. మామూలు సిలికాన్ ఈ రబ్బరుకు సరిగా అతుక్కోదు, ఈపీడీఎం కోసం చేసినదే వాడాలి. అక్టోబరు, నవంబరు వానల్లోపు ఆ పని అయిపోవాలి.